ఇంగ్లీషువారి ‘రన్’, దివిసీమవారి ‘పారుట’

నాగాయలంకలో ఆషాఢ శ్రావణ మాసములయందు ఇద్దరు రైతులు దారిలో ఎదురుపడినచో కుశలప్రశ్నలకు ముందే ఒక ప్రశ్న వెలువడును. “పారిందా బాబాయ్?” అని చిన్నవాడడుగును. “రెండు మళ్లు పారినయ్‌రా, పై మడికి ఎక్కలా” అని పెద్దవాడు చెప్పును. ఏమి పారినది, ఎచ్చటనుండి పారినది అన్న మాట ఆ సంభాషణలో ఎక్కడను రాదు. బెజవాడవద్ద కృష్ణనుండి బయలుదేరిన నీరు ఎన్నో ఊళ్ల పొలములను తడుపుకొనుచు, తుదకు సముద్రపుటంచున నున్న ఈ భూములకు చేరినదా లేదా అను ఆరాటమంతయు ఆ ఒక్క క్రియాపదములో ఇమిడియుండును.

నేను చెప్పదలచినది మాత్రము ఒక ఇంగ్లీషు క్రియనుగూర్చి. అది ‘రన్’. ఇంగ్లీషు అక్షరములు దిద్దిన ప్రతి పిల్లవానికిని మొదటి నెలలోనే వచ్చు మాట. దానికిని, మా కాలువగట్టు ‘పారుట’కును గల సంబంధము నాకొక పరీక్షలో ఎదురైనది. నది సముద్రములోనికి ‘రన్’ అగుచున్నదని చెప్పు ఇంగ్లీషు వాక్యము నొకదానిని తెనిగింపుమనిరి. నేను ‘నది సముద్రములోనికి పారుచున్నది’ అని వ్రాసితిని. ఉపాధ్యాయులు దానిని కొట్టివేసిరి. ‘పారుట’ పొలము గట్లమీది మాట యనియు, గ్రంథములలో ‘ప్రవహించు’నని యుండుననియు, అసలు ‘రన్’ అనగా ‘పరుగెత్తుట’ యనియు చెప్పి, ఈ మూడింటిలో ఏది వ్రాసినచో మార్కు వచ్చెడిదో చెప్పకుండ కాగితమును తిరిగి ఇచ్చిరి. ఆ మార్కు పోయిన దుఃఖము ఎన్నడో పోయినది. ఆ వాక్యమునుగూర్చిన సందేహము మాత్రము నిలిచియున్నది.

ఇంగ్లీషువారికే ఈ మాట ఒక చిక్కు. 1755లో తన నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సను, చూచుటకు చిన్నవైన కొన్ని క్రియలు అర్థనిర్ణయమునకు లొంగవని పీఠికలో మొఱపెట్టుకొన్నాడు. వచ్చుట, పోవుట, ఇచ్చుట, పుచ్చుకొనుట మొదలగు అర్థములు గల క్రియలతోపాటు ‘రన్’ కూడ ఆయన చెప్పిన పట్టికలో నున్నది. అటుపిమ్మట ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1884 మొదలు 1928 వరకు భాగములుగా వెలువడినప్పుడు, అన్ని పదములకంటె ఎక్కువ పుటలు ‘సెట్’ అను క్రియకు పట్టినవి. నేడు ఆ గౌరవము ‘రన్’ది. ఆ నిఘంటువు నూతన సంస్కరణమునకై పీటర్ గిల్లివర్ అను సంపాదకుడు ఈ ఒక్క మాటతో సుమారు తొమ్మిది నెలలు కుస్తీపట్టి, క్రియగా దీనికి 645 అర్థములున్నవని 2011 నాటికి తేల్చెను.

వానిలో కొన్ని మనకు పరిచితములే. మనిషి ‘రన్’ అగును, నది ‘రన్’ అగును. జలుబు చేసినచో ముక్కు ‘రన్’ అగును. బస్సు, ఇంజను, గడియారము, సినిమా, అంగడి, ప్రభుత్వము అన్నియు ‘రన్’ అగునవియే, లేక ఎవరో ఒకరు ‘రన్’ చేయునవియే. డబ్బు దాచుకొన్నవారందరు భయముతో ఒక్కుమ్మడిగా బ్యాంకు వాకిట చేరినచో అదియు ‘రన్’. అమెరికాలో ఎన్నికల అభ్యర్థి ‘రన్’ అగును. ఇంగ్లండులో అదే అభ్యర్థి ‘నిలుచును’. మనము ఎన్నికలను ఇంగ్లండువారియొద్ద నేర్చినందున గాబోలు, మన అభ్యర్థియు నిలుచుచునే యున్నాడు. గెలిచినపిమ్మట నిలుచునో పరుగెత్తునో అది వేరు విషయము.

ఈ ఇంగ్లీషు మన తీరమున అడుగుపెట్టినది బందరులో. 1611లో ‘గ్లోబు’ అను ఓడలో ఈస్టిండియా కంపెనీ వర్తకులు వచ్చి అక్కడ స్థావర మేర్పరచుకొనిరి. అంతకు కొన్ని సంవత్సరములకు ముందే డచ్చివారు వచ్చియుండిరి. ఇంత దూరము వారిని రప్పించినది ముఖ్యముగా మన నేతగుడ్డ, అద్దకపు గుడ్డ. బందరు ప్రాంతపు అద్దకములకు ఆసియా విపణులలో గొప్ప గిరాకి యుండెడిది. జావా సుమత్రా దీవులలో మిరియములు కొనవలెనన్న, వెండికంటె ఈ గుడ్డలే సులువుగా చెల్లెడివి. ఆ గుడ్డలోని గొప్పతనమును ఇంగ్లీషువారు తమ భాషలో చెప్పుకొనవలసివచ్చినచో, ఉతికినను వీని రంగు ‘రన్’ కాదు అని చెప్పుకొనవలెను.

ఇచ్చట ఒక్కింత ఆగుట మంచిది. రంగు ‘రన్’ అగుట యన్న ఒక్క మాటకు మన అద్దకమువారికి ఎన్ని మాటలున్నవి! నీటిలో పడి వెలిసినచో రంగు పోయినది. జాడించిన నీటిలోనికి వచ్చినచో రంగు దిగినది. ప్రక్క గుడ్డకు తగిలినచో రంగు అంటినది. గీచిన గీత దాటి విస్తరించినచో రంగు పాకినది. ఈ నాలుగును నాలుగు దోషములు, నాలుగింటికిని నాలుగు కారణములు. రంగు గీత దాటి పాకకుండుటకు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానవేసి ఆరవేయుదురు. పాలలోని వెన్న రంగును అడ్డగించును. ఎరుపు పోకుండుటకు పటిక పట్టించి, పూర్వము ఇసుకనేలలలో పెరుగు చిరివేరుతో ఉడికించెడివారు. నలుపునకు ఇనుము, బెల్లము కలిపి పులియబెట్టిన నీరు. దోషములకు వేరువేరు పేర్లున్నచోటనే విరుగుడులును వేరువేరుగా పుట్టును.

పటిక పెట్టిన గుడ్డను, ఉడికించిన గుడ్డను జాడింపవలసినది నిలువనీటిలో గాదు, కాలువలో పారునీటిలో. మిగులు పటికను, మిగులు రంగును నీరు ఎప్పటికప్పుడు కొనిపోవలెను. నిలువనీటిలో అవి తిరిగి గుడ్డకే అంటుకొనును. పెడనలో అద్దకపువారు నేటికిని కాలువలో దిగి గుడ్డలు జాడించుట చూడవచ్చును. అనగా, ‘రన్’ అగు నీటిలో ఉతికినగాని ‘రన్’ కాని రంగు రాదు. ఇంగ్లీషున ఇది పొడుపుకథ. తెలుగున ఇందులో చిక్కేమియు లేదు. నీరు పారును, రంగు నిలుచును, అంతే. ఇంకొక వింత. రంగు నిలిచినదానిని ఇంగ్లీషువారు ‘ఫాస్టు’ అందురు. వేగముగా పరుగెత్తువానిని కూడ ‘ఫాస్టు’ అనియే అందురు! ఇట్టి భాషతో బేరమాడి, ధర నిర్ణయించి, నాణ్యము తగవులు తీర్చిన ఆనాటి బందరు దుబాసీలను తలచుకొన్నచో గౌరవము కలుగక మానదు.

దుబాసీల పని నోటిమాటతో పోయినది. మాటలను పుస్తకమున కెక్కించిన తొలివారిలో ఒకడును బందరువాడే. మామిడి వెంకయ్య అను వైశ్యుడు పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ‘ఆంధ్రదీపిక’ అను తెలుగు నిఘంటువును కూర్చెను. తెలుగు మాటలను తత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములని విభజించి ఆయన వ్రాసిన పీఠిక మదరాసులోని ఇంగ్లీషు పండితుల దృష్టిలో పడినది. 1816లో కాంప్‌బెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర వ్రాసిన ఉపోద్ఘాతమున, తెలుగు తమిళ కన్నడములు సంస్కృతమునకు పుట్టినవి కావనియు, వాని దేశ్యపదములే అందుకు సాక్ష్యమనియు వాదించినప్పుడు వెంకయ్య మాటను ప్రమాణముగా చూపెను. కాల్డువెల్ ద్రావిడ భాషల వ్యాకరణము వెలువడినది 1856లో, అనగా నలువది యేండ్లకు తరువాత. మన చరిత్రలలో ఒక వర్తకునికి ఈ మాత్రము చోటైనను సరిగా దక్కలేదని నా అభిప్రాయము.

‘పారు’ అట్టి దేశ్యపదము. ప్రాచీనముగా దీనిని శకటరేఫముతో ‘పాఱు’ అని వ్రాసెడివారు. బందరులో కొంతకాలము ఉద్యోగము చేసిన బ్రౌను దొర తన తెలుగు ఇంగ్లీషు నిఘంటువును 1852లో ముద్రింపించినపుడు ఈ మాటకు పరుగెత్తుట, ప్రవహించుట అను రెండర్థములను చూపెను. ‘పారిపోవుట’లో మొదటిది నేటికిని మిగిలియున్నది. పరుగు, పరువు, పఱచుట అన్నియు దాని చుట్టములే. కావున, కాళ్లతో పరుగెత్తుటకును నీరు ప్రవహించుటకును ఒకే ధాతువును వాడుట తెలుగువారికి పూర్వమునుండి సహజము. ఇంగ్లీషువారికిని అంతే. వారి భాషకు సోదరియైన జర్మనులో ‘రిన్నెన్’ అనగా నీరు జాలువారుట, ‘రెన్నెన్’ అనగా పరుగెత్తుట. రెండును ఒక ఇంటివే. ఆ భాషా కుటుంబమునకును మన భాషా కుటుంబమునకును రక్తసంబంధము లేదు. అయినను ఎవరికి వారే, నీటిని చూచి కాళ్లనో, కాళ్లను చూచి నీటినో తలచుకొనిరి.

పోలిక ఇంతటితో ఆగినచో దీనిని కాకతాళీయమనవచ్చును. కాని ఇంగ్లీషులో నది ఎండిపోవుటను ‘రన్’ అనియే చెప్పుదురు. చెట్లు అడవిగా పెరిగిపోయినను, సరుకు తరిగిపోయినను ‘రన్’ అందురు. అక్కడ పరుగును లేదు, ప్రవాహమును లేదు. ఒక స్థితినుండి ఇంకొక స్థితికి మారుట మాత్రమే యున్నది. ఇది ఏమి విపరీతము అని నవ్వబోవుదుము గదా! మన ‘తెల్లవారుట’ ఏమి? అది తెల్ల, పాఱు కలిసిన మాట. నల్లబారుట, పచ్చబారుట, ఎండబారుట అన్నిటను దాగియున్నది ఈ పాఱుటయే. వారి నది ఎండుటకు ‘రన్’ అయినచో మన నది ఎండబారుచున్నది. నీరు పారని పొలము బీటలువారును అని రైతు అన్నప్పుడు ఒకే క్రియను రెండు వేషములలో వాడుచున్నానని అతడెరుగడు, ఎరుగవలసిన అవసరమును లేదు.

కావున నా పరీక్షకాగితమునకు ఆలస్యముగా నేనిచ్చుకొను తీర్పు ఇది. ‘రన్’ అను మాటకు తెలుగులో సరియైన వియ్యము ‘పరుగెత్తుట’ కాదు, ‘పారుట’. ‘ప్రవహించుట’ అసలే కాదు. నది ప్రవహింపవచ్చును గాని, తన చేను ప్రవహించినదని ఏ రైతును అనడు. చేను పారినదనును. ఇందులో ఇంకొక సొగసు గలదు. పారినది నీరు. కాని వాక్యమున కర్త చేను. ‘మా ఎకరం పారింది’ అన్నచో మా ఎకరమునకు నీరందినదని అర్థము. 645 అర్థములు గల ‘రన్’కు ఈ శక్తి లేదు. ఇంగ్లీషున పొలమును ‘రన్’ అన్నచో పొలము లేచి పరుగెత్తినదని అర్థమగును. అట్లే ‘వాని పాచిక పారలేదు’, ‘ఎత్తు పారింది’ అనునవి. పాచిక దొర్లుటనుండి పుట్టి, చివరకు పని ఫలించుటకే పేరైనది. చివరి భూముల రైతునకు చేను పారుటయు పాచిక పారుటయు వేరు కావు.

మరి యంత్రముల సంగతి యేమి? ‘రన్’ ఇంత విస్తరించుటకు గత రెండు మూడు శతాబ్దుల యంత్రయుగమే ముఖ్యకారణమని ఆ నిఘంటుకారుని అభిప్రాయము. ఆవిరియంత్రము, రైలు, మిల్లు, మోటారు వరుసగా వచ్చుకొలది ఇంగ్లీషువారు అన్నిటికిని ఆ ఒక్క మాటనే తగిలించిరి. ఇక్కడ రెండు భాషల దారులు విడిపోయినవి.

మా సీమకు ఆ యుగము నీటిరూపమున వచ్చినది. సర్ ఆర్థరు కాటను ప్రోత్సాహమున, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణమున, 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట కట్టిరి. కాలువలు పారినవి. దివిసీమ నదీపాయలనడుమ నున్న దీవి యగుటచే ఇచ్చటి భూములకు నీరు తెచ్చుట వేరే సమస్య. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ప్రభుత్వమువారు పెద్ద చమురు ఇంజనులు పెట్టి, పంపులతో కృష్ణనుండి నీటిని ఎత్తిపోయుటకు ఒక పథకమును నెలకొల్పిరి. తరువాత పులిగడ్డవద్ద అక్విడక్టు కట్టి నదీపాయ మీదుగా కాలువను దాటించిరి. క్రింద నది, పైన కాలువ, రెండును పారుచుండును. చూచినవారెవరును మరచిపోవు దృశ్యమది. పాత ఆనకట్ట 1952లో గండిపడగా, దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియైనది.

ఇంజను వచ్చినది సరే, దాని పనికి ఏ క్రియ వాడవలెను? ఇంగ్లీషువాడు ‘రన్’ అన్నాడు. తెలుగువాడు మాట నరువు తెచ్చుకొనలేదు, పారుటను దానికి తగిలింపనూ లేదు. కొత్తగా వచ్చిన ప్రతి యంత్రమును ఎగాదిగా చూచి, ఇది మన పాతవారిలో ఎవరి పోలిక అని విచారించి ఆ ఇంటిపేరు పెట్టినాడు. గానుగ ఆడును. కాబట్టి గుడివాడలోని బియ్యపు మరయు ఆడును, ధాన్యమును మరలో ఆడింతురు. బండి నడుచును. కాబట్టి బస్సు నడుచును, రైలు నడుచును, పొలములోని ఇంజనును నడుచును. రాట్నము తిరుగును. కాబట్టి ఫ్యాను తిరుగును. నాటకమును ఆడుదురు. కాబట్టి సినిమా ఆడును. గడియారము విషయమున మాత్రము ఏకాభిప్రాయము లేదు. కొందరి యింట అది నడుచును, కొందరి యింట తిరుగును.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది బస్సు నడుచుట. గంటకు నలువది మైళ్లు పోవు వాహనము ఇంగ్లీషున పరుగెత్తుచుండగా తెలుగున నడుచుచున్నది! పెద్దల సామెతలను నేనిక్కడికి తీసికొనిరాను గాని, మాటల సాక్ష్యము చూడుడు. నడత, నడవడి, నడక అన్నియు క్రమమునకు సంబంధించిన మాటలు. బడి నడుచును, కొట్టు నడుచును, సంసారము నడుచును. అనగా సవ్యముగా ఉన్నది నడుచును. పరుగో, ఆపదకు గుర్తు. తమిళులు బస్సునకును గడియారమునకును సినిమాకును ‘ఓడు’ అను క్రియను వాడుదురు. వారికి దాని అర్థము పరుగెత్తుట. ఆ ‘ఓడు’ మనకును ఉన్నది, కాని మన ‘ఓడుట’కు పరాజయము పొందుట అని అర్థము. ఈ రెండును ఒకే మూలముననుండి వచ్చినవని ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును 1961లో ప్రకటించిన బరో, ఎమెనో పండితులు కూర్చి చూపిరి. యుద్ధమున వెన్నిచ్చి పరుగెత్తినవాడు ఓడినవాడే గదా! తమిళుడు ఆ మాటలోని వేగమును ఉంచుకొన్నాడు. తెలుగువాడు అందులోని అవమానమును ఉంచుకొన్నాడు. అట్టి మాటను ప్రయాణికులతో నిండిన బస్సునకు పెట్టుటకు ఎవరికి మనసొప్పును?

సముద్రమునుగూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. ఇంగ్లీషున సముద్రపు పోటు ‘రన్’ అగును. మా పల్లెకారులు అట్లనరు. నీరు ఏటిలోనికి ఎగదన్నుట పోటు, వెనుకకు తీయుట పాటు. పోటు ‘పొడుచుట’నుండి, పాటు ‘పడుట’నుండి పుట్టినవి. సముద్రము రోజునకు రెండుమారులు పొడుచును, రెండుమారులు పడును. దానికి పారుట యన్న మర్యాద లేదు. పారునది మంచినీరు, పై నుండి వచ్చునది, మడి నుండి మడికి తానై దిగునది.

1977 నవంబరు 19న తుపానుతో ఉప్పెన వచ్చి దివిసీమను ముంచివేసినది. సుమారు 10,000 మంది మరణించిరి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో ఆ రాత్రి తప్పించుకొన్నవారు చెట్లను, దాబాయిండ్లను పట్టుకొని మిగిలినవారు. నేను విన్నంతలో ఆ నీటిని వారిలో ఒక్కరును ‘పారివచ్చినది’ అనలేదు. ‘మీద పడింది’ అనిరి, ‘కమ్మేసింది’ అనిరి. ‘పారు’ అను మాట వారి నోట ఒక్కచోటనే వచ్చెడిది, పారిపోవుటకు చోటు లేకపోయెనన్నప్పుడు. తరువాత ఉప్పెక్కిన పొలములు మరల పంటకు వచ్చుటకు చేయవలసినది ఒక్కటే. మంచినీటిని పారించి, ఉప్పును కరగించి, మురుగుకాలువలోనికి దింపవలెను. ఆ సంవత్సరములలో “పారిందా?” అన్న ప్రశ్నలో పంటమాట ఒక్కటే గాదు, ఆ నేలమీద ఇక బ్రదుకవచ్చునా యన్న మాటయు ఉండెడిది.

ఇట్టి మాటలను విద్వాంసులు పొలములకు పోయి ఏరి తెచ్చిన సందర్భము ఒకటి గలదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వ్యవసాయపదములతో ప్రకటించిరి. రైతుల నోట విన్న మాటలను ఊరూర తిరిగి సేకరించి, ఏ మాట ఎచ్చట చెల్లునో గుర్తించి కూర్చిన గ్రంథమది. నా ఉపాధ్యాయులు దానిని చూచియుండినచో నాకు ఆ మార్కు దక్కెడిదేమో!

నేడు పరిస్థితి మరియొక విధముగా నున్నది. ‘కొట్టు నడుపుచున్నాడు’ అనుటకు ‘షాపు రన్ చేస్తున్నాడు’ అనుట పట్టణములలో అలవాటైనది. బస్సును ‘రన్నింగులో’ ఎక్కుచున్నారు. కొత్త వస్తువులకు కొత్త మాటలు వచ్చుటలో నాకు అభ్యంతరము లేదు. రేడియోలో క్రికెట్టు చెప్పిన తెలుగువారు ఆ ఆటలోని ‘రన్’ను ‘పరుగు’ అనిరి, అది వెంటనే నిలిచినది. అక్కడ నిజముగానే ఇద్దరు మనుషులు పరుగెత్తుచున్నారు గనుక. కాని ఆడుట, నడుచుట, తిరుగుట, పారుట అని చూచి చూచి వేరుచేసికొన్న నాలుగు మాటలకు బదులుగా ఒక్క ‘రన్ అగుట’ను తెచ్చుకొన్నచో లాభమెవరికో నాకు తెలియదు. మర ఆగినదో, కాలువ ఆగినదో కూడ అడిగి తెలిసికొనవలసివచ్చును. ‘పారుదల’ యన్నది శాఖ పేరుగాను, కాగితములమీది మాటగాను మిగులుచున్నది. వరి చేలు కొన్ని చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. చెరువునకు నీరు పెట్టుదురు, తోడుదురు, మార్చుదురు. చెరువు పారినదని ఎవరును అనరు.

అయినను కాలువ నిలిపినప్పటి మాట మాత్రము చెక్కుచెదరలేదు. వేసవిలో బ్యారేజివద్ద తలుపులు దించినచో ‘కాలువలు కట్టేశారు’ అందురు. లస్కరు వచ్చి తూము దించినను అంతే, ‘తూము కట్టాడు’. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన తరువాత మా ఊళ్లకు రేడియోలు ఒక్కటొక్కటిగా వచ్చినవి. రాత్రి వార్తలు ముగియగానే మా నాయనమ్మ మంచముమీదనుండి “ఇక రేడియో కట్టెయ్యరా” అని కేకవేసెడిది. కాలువకు ఏ మాటయో దానికిని అదే. పిమ్మట వచ్చిన టెలివిజనును, నేటి చేతిఫోనును గూడ మా యిండ్లలో కట్టుచునే యున్నారు.